ఆ రెండు కార్బురేటర్లు పీకేయమని చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం సంచికలో పాత బండ్ల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చిన పేజీ చదివాను. 1960ల నాటి ఎంజీబీ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఉన్న ఒకాయన, బండి స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు) నిలబడటం లేదు, యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం దగ్గి అప్పుడు లాగుతోంది, సైలెన్సర్ నుంచి నల్లపొగ వస్తోంది, ఏం చెయ్యమంటారు అని అడిగారు. దానికి మీ నిపుణుడు ఇచ్చిన జవాబు మూడే ముక్కలు: రెండు కార్బురేటర్లు (గాలి, పెట్రోల్ కలిపి ఇంజన్‌కు అందించే భాగాలు) ఎప్పటికీ సరిగ్గా సెట్ కావు, మన దగ్గర ఆ పని తెలిసినవాళ్లు లేరు, తీసేసి ఏదైనా చిన్న వ్యాన్ కార్బురేటర్ ఒకటి బిగించుకోండి. ఈ మూడూ తప్పే. అలాంటి బండి ఒకదాని బాగోగులు సికింద్రాబాద్‌లో చూసుకుంటున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పెద్దదైనా దయచేసి కత్తిరించకుండా వెయ్యండి, ఎందుకంటే ఆ జవాబు నమ్మి ఎవరైనా నిజంగా స్పానర్ పట్టుకుంటే మళ్లీ దొరకని వస్తువు పాతసామాన్ల కొట్టుకు పోతుంది.

ముందు ఆ బండి సంగతి. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైంది. ఇంజన్ 1798 సీసీ, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్. మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా అదే కుటుంబం, చిన్న తమ్ముడు అనుకోండి. 1960ల ఎంజీబీకి ఎస్‌యూ కంపెనీ ఒకటిన్నర అంగుళాల హెచ్‌ఎస్4 రకం కార్బురేటర్లు రెండు ఉంటాయి. సిలిండర్ హెడ్‌లో ఒకటి, రెండు సిలిండర్లకు కలిపి ఒకే ఇన్‌లెట్ దారి, మూడుకూ నాలుగుకూ కలిపి ఇంకొకటి, ఒక్కో దారికి ఒక్కో కార్బురేటర్. అందం కోసం పెట్టిన రెండోది కాదు అది. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2 కాబట్టి రెండు, ఒకటి వెంటవెంటనే ముందు కార్బురేటర్ నుంచి పీల్చుకుంటాయి, తర్వాత మూడు, నాలుగు వెనక దాని నుంచి. ఇంత పని చెయ్యాల్సిన చోట ఎనిమిది వందల సీసీ వ్యాన్ కోసం చేసిన కార్బురేటర్ ఒకటి పెడితే స్లోలో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, రింగ్ రోడ్డు ఎక్కాక ఇంజన్‌కి ఊపిరి చాలదు. ఎంజీ వాళ్లే 1975 మోడల్ నుంచి అమెరికాకు పంపిన బండ్లలో, అక్కడి పొగ నిబంధనల కోసం, రెండు ఎస్‌యూలు తీసేసి స్ట్రాంబర్గ్ కంపెనీ కార్బురేటర్ ఒక్కటే పెట్టారు. మిగతా మార్పులతో కలిసి ఆ బండ్ల బలం ఎంత పడిపోయిందో ఎంజీబీ వాళ్లనెవర్నడిగినా చెబుతారు. వాటి యజమానులు ఇప్పటికీ వెతికి వెతికి మళ్లీ రెండు ఎస్‌యూలు కొని బిగించుకుంటుంటే మనం ఉన్నవాటిని పీకేయమని సలహా ఇస్తున్నాం.

ఇక పని తెలిసినవాళ్లు లేరన్న మాట. దీని మీద నాకు నిజంగా కోపం వచ్చింది. మన ఊళ్లలో అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు, ఆ బండ్లలో చాలావాటికి ఎస్‌యూ కార్బురేటరే ఉండేది, పైనున్న గంట ఆకారపు మూత తీసి పిస్టన్ తుడవడం, సూది చూడటం, కింద నట్టు తిప్పి మిక్చర్ (గాలిలో కలిసే పెట్రోల్ పాలు) సెట్ చెయ్యడం వాళ్లకు కొత్త కాదు. రెండింటినీ సమానం చెయ్యడం తెలిసినవాళ్లు ఇంకో వీధిలో ఉంటారు. 1980ల్లో వచ్చిన రాజ్‌దూత్ 350కి రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, ఆ బండిని ఇప్పటికీ ప్రాణంలా చూసుకునే కుర్రాళ్లకు రెండు కేబుళ్లు ఒకేసారి లాగకపోతే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనూ రాణిగంజ్ చుట్టుపక్కలా వెతికితే ఈ రెండు రకాల మనుషులూ దొరుకుతారు. అంబాసిడర్ మేస్త్రీని, రాజ్‌దూత్ కుర్రాడిని ఒక బానెట్ ముందు నిలబెడితే ఎంజీబీ పని అయిపోతుంది. వాళ్లకు తెలియాల్సింది వరస ఒక్కటే, బండ్లు చెడేది కూడా అక్కడే.

ఎలా చెడుతుందో చెబుతాను, ఆ పాఠకుడి బండి లక్షణాలు చూస్తే ఇదే జరిగిందని నా గట్టి అనుమానం. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి బిళ్లను (థ్రాటిల్‌ను) తిప్పే థ్రాటిల్ స్పిండిల్ అని సన్నటి కడ్డీ ఉంటుంది, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి అది అరుగుతుంది, అది కూర్చున్న రంధ్రమూ అరుగుతుంది. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది. అందుకే స్లోలో బండి నిలబడదు. మెకానిక్ వస్తాడు, మిక్చర్ పల్చగా ఉంది, అంటే పెట్రోల్ చాలడం లేదనుకుంటాడు, అది అబద్ధం కాదు, కానీ ఎందుకు పల్చబడిందో చూడకుండా కింద నట్టు తిప్పి పెట్రోల్ పెంచేస్తాడు. స్లో కాస్త నిలబడుతుంది, అందరూ సంతోషిస్తారు. స్లోలో లోపలికొచ్చే గాలే తక్కువ కాబట్టి ఆ కాస్త లీకూ పెద్ద దెబ్బ కొడుతుంది, రోడ్డు మీద థ్రాటిల్ తెరిచాక అదే లీకు లెక్కలోకి రాదు, పెంచిన పెట్రోల్ మాత్రం అలాగే ఉంటుంది. అదీ నల్లపొగ. ఇంకో మెకానిక్ పొగ చూసి నట్టు పైకి బిగిస్తాడు, మళ్లీ స్లో పోతుంది, అప్పుడు స్లో స్క్రూ తిప్పుతాడు, అదీ ఒకవైపే. ఇక్కడే ఒక వర్క్‌షాప్‌లో నేను చూసుకునే బండికి ఇదంతా చేసి, మిక్చర్ నట్టు పలకలన్నీ ప్లయర్‌తో గుండ్రంగా అరగదీసి, కార్బురేటర్ పైన నూనె పోసే డాష్‌పాట్‌లో గేర్ ఆయిల్ పోసి పంపించారు. పిస్టన్ కాలవలో కూరుకుపోయినదానిలా లేస్తోంది. డబ్బులు తీసుకున్నారు, బండి అంతకు ముందు ఉన్నదానికంటే అధ్వానం.

కాబట్టి కార్బురేటర్ జోలికి ఆఖరున వెళ్లాలి. ముందు టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు: ఎంజీబీకి చల్లటి ఇంజన్ మీద 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఎనిమిది వాల్వుల్లో దేనిని ఎప్పుడు సెట్ చెయ్యాలో తికమక పడక్కర్లేదు, పూర్తిగా తెరుచుకున్న వాల్వు నంబరును తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చే నంబరు వాల్వును సెట్ చెయ్యాలి, ఎనిమిదోది తెరుచుకుని ఉంటే ఒకటోది, ఆరోది తెరుచుకుంటే మూడోది. తర్వాత ప్లగ్గులు 25 థౌ, పాయింట్లు 15 థౌ, ఆ తర్వాతే టైమింగ్, ఎందుకంటే పాయింట్ల సందు మారితే టైమింగూ జరుగుతుంది. కంప్రెషన్ నాలుగింటికీ దగ్గరదగ్గరగా ఉందా చూసుకోవాలి. ఒక సిలిండర్ వాల్వు కాలిపోయి ఉంటే ప్రపంచంలో ఏ కార్బురేటరూ దాన్ని సరిచెయ్యలేదు. ప్లగ్గులు తీసినప్పుడు జతలుగా చూడాలి: ఒకటి, రెండు నల్లగా ఉండి మూడు, నాలుగు తెల్లగా ఉంటే ముందు కార్బురేటర్ ఎక్కువ పోస్తోంది, వెనకది తక్కువ పోస్తోంది. ఒక్క ప్లగ్గే తేడాగా ఉంటే అది కార్బురేటర్ తప్పు కాదు, ఆ సిలిండర్‌లోనో, ఆ వైర్‌లోనో వెతకాలి. ఈ చిన్న విషయం చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

దొంగగాలి పరీక్ష తేలికే. బండి స్లోలో ఉన్నప్పుడు స్పిండిల్ రెండు చివర్లా, కార్బురేటర్ నుంచి ఇంజన్‌కు పోయే గొట్టం (మానిఫోల్డ్) గాస్కెట్ల దగ్గరా కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టి వినాలి, శబ్దం మారిందంటే గాలి దూరుతున్నట్టే. మానిఫోల్డ్ వేడిగా ఉంటుంది, అది మండే సరుకు, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా ఈ పని చెయ్యొద్దు. స్పిండిల్ అరిగితే లేత్ మీద బాడీ రీమ్ చేసి బుష్ వేసి కొత్త స్పిండిల్ వెయ్యాలి. రాణిగంజ్ లేత్‌వాళ్లకు ఇది పెద్ద పనేం కాదు, థ్రాటిల్ బిళ్ల మళ్లీ సరిగ్గా నడిమధ్యలో కూర్చోబెట్టడానికి ఓపిక కావాలి, అంతే.

కార్బురేటర్ లోపలి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎస్‌యూ అంత తెలివైన వస్తువును నేను చూడలేదు. 1900ల తొలినాళ్లలో జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ అనే ఆయన తమ్ముడితో కలిసి దీన్ని తయారుచేశాడు, వాళ్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం, అందుకే మొదటివాటిలో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేది. తర్వాత పిస్టన్ వచ్చింది. ఇంజన్ ఎంత గాలి అడిగితే పిస్టన్ అంత పైకి లేస్తుంది, దానికి వేలాడే సూది కిందికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది కాబట్టి అంతే లెక్కలో పెట్రోల్ దారి వెడల్పవుతుంది. ఒకే జెట్టు (సూది దూరే పెట్రోల్ రంధ్రం), ఒకే సూది, స్లో నుంచి టాప్ స్పీడ్ దాకా. పైన డాష్‌పాట్‌లో పోసే నూనె అరుగుదల తగ్గించడానికి కాదు. యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కినప్పుడు పిస్టన్ గభాల్న లేవకుండా పట్టి, ఆ క్షణానికి మిక్చర్ కాస్త చిక్కబరుస్తుంది. నూనె లేకపోతే పికప్‌లో దగ్గు వస్తుంది, ఆ పాఠకుడు చెప్పింది సరిగ్గా ఇదే, ముందు మూత విప్పి చూసుకోమనండి. 20 గ్రేడ్ ఇంజన్ ఆయిల్, బోలుగా ఉన్న పిస్టన్ కడ్డీ అంచుకు అర అంగుళం పైదాకా చాలు. గేర్ ఆయిల్ వద్దు, బ్రేక్ ఆయిల్ అసలే వద్దు.

గంట విప్పితే లోపల పెట్రోల్ గుడ్డతో తుడవాలి, ఎమరీ కాగితం ముట్టించకూడదు, పిస్టన్ వెలుపలి అంచుకు నూనె పుయ్యకూడదు. ఒక కార్బురేటర్ పిస్టన్ ఇంకోదాని గంటలో పెట్టకూడదు, ఏ జత ఆ జతగానే సైజు కుదిర్చి చేశారు. మళ్లీ బిగించాక పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే గట్టిగా "టక్" మని కింద కూర్చోవాలి. జెట్టు పూర్తిగా కిందికి లాగినప్పుడూ పైన ఉన్నప్పుడూ శబ్దం ఒకేలా రాకపోతే సూది జెట్టును రాసుకుంటోంది, జెట్టు మధ్యకు సరిచేసుకోవాలి. ఇది చెయ్యకుండా ట్యూనింగ్ మొదలుపెడితే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు.

ఇప్పుడు బ్యాలెన్సింగ్, అంటే రెండింటినీ సమానం చెయ్యడం. రెండు కార్బురేటర్లను కలిపే కడ్డీ మీద క్లాంపులు వదులు చెయ్యాలి, చోక్ కడ్డీ మీదవి కూడా. చాలామంది చెయ్యనిది ఇదే. క్లాంపులు బిగించి ఉండగా ఒక వైపు స్లో స్క్రూ తిప్పితే ఆ తిప్పుడు కడ్డీ మీదుగా ఇంకోవైపుకూ పోతుంది, మీరు దేన్ని సెట్ చేస్తున్నారో మీకే తెలీదు. వదులు చేశాక రెండు స్లో స్క్రూలూ పూర్తిగా వెనక్కి విప్పి, తగిలీ తగలనంత దాకా తెచ్చి, అక్కడినుంచి రెండూ ఒక్కో చుట్టు లోపలికి. మిక్చర్ నట్లు రెండూ పైకి బిగించి జెట్టు బ్రిడ్జికి (అది బయటికొచ్చే మెట్టుకు) సమానంగా వచ్చాక, కిందికి రెండు చుట్లు, అంటే ఆరు పలకల నట్టు మీద పన్నెండు పలకలు. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. బండి స్టార్ట్ చేసి పూర్తిగా వేడెక్కనివ్వాలి, టెంపరేచర్ గేజ్ సగానికి రావడం చాలదు, ఒక రౌండు తిప్పుకురావాలి.

ఎయిర్ ఫిల్టర్లు తీసి, అర మీటరు రబ్బరు ట్యూబు ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి వినాలి. కుక్కర్ విజిల్ వెయ్యబోయే ముందు వచ్చే బుస లాంటిది వినిపిస్తుంది. ముందు దానిలో, వెనక దానిలో, ట్యూబు రెండు చోట్లా ఒకే లోతులో, ఒకే కోణంలో పెట్టాలి. రెండు బుసలూ ఒకే స్థాయిలో వచ్చేదాకా స్లో స్క్రూలు, ఒకటి కొంచెం విప్పుతూ ఒకటి కొంచెం బిగిస్తూ. గాలి కొలిచే మీటర్ ఉంటే ఇంకా మంచిది, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, కానీ చెవి అలవాటైతే మీటర్‌తో సరిచూసినా తేడా పెద్దగా రాదు. గాలి సమానమయ్యాకే మిక్చర్. గాలి తేడాగా ఉండగా మిక్చర్ పట్టుకున్నవాడు వృథాగా శ్రమపడతాడు.

మిక్చర్ చూడటానికి కార్బురేటర్ పక్కన చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని మెల్లగా పైకి నొక్కితే ముందు కొంత ఖాళీగా కదిలి అప్పుడు పిస్టన్‌కు తగులుతుంది, తగిలాక ఎత్తాల్సింది 0.8 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఎత్తితే ఏ బండైనా ఆగిపోతుంది, ఆ పరీక్షకు అర్థం ఉండదు. ఎత్తగానే ఇంజన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే మిక్చర్ చిక్కగా ఉంది (పెట్రోల్ ఎక్కువ), నట్టు పైకి. వెంటనే నీరసించి ఆగబోతే పల్చగా ఉంది, నట్టు కిందికి. రవ్వంత పెరిగి మళ్లీ తన స్థానానికి వస్తే సరిగ్గా ఉంది. ఒక్కోసారి ఒక్క పలక మాత్రమే తిప్పాలి. మానిఫోల్డ్‌లో రెండు దారులను కలిపే గొట్టం ఉంది కాబట్టి ఒకదాని మిక్చర్ మారిస్తే రెండోది కూడా కొంచెం కదులుతుంది. కాబట్టి ముందుది, వెనకది, మళ్లీ ముందుది, ఆ తర్వాత బుస మళ్లీ సరిచూడాలి. రెండు మూడు నిమిషాలకోసారి బండిని ఒకసారి రేజ్ చేసి క్లియర్ చేసుకోవాలి, లేకపోతే స్లోలో ప్లగ్గులకు మసి పట్టి తప్పుడు లెక్క చెబుతుంది. సైలెన్సర్ దగ్గర కూర్చుని వింటే కూడా తెలుస్తుంది: తాళం తప్పకుండా మిస్సింగ్ కొడుతూ నల్లపొగ వస్తే చిక్కన, అడ్డదిడ్డంగా, రంగు లేకుండా చిటపటలాడితే పల్చన.

ఆఖరున క్లాంపులు బిగించడం, ఇదే బాగా చెయ్యాల్సిన పని. కడ్డీ పిన్నులకూ ఫోర్కులకూ మధ్య రెండువైపులా ఒకేలాంటి సన్నటి సందు ఉంచి, ఫీలర్ గేజ్‌తో చూసి బిగించాలి, అప్పుడే కాలు పెట్టగానే రెండు థ్రాటిళ్లూ ఒకే క్షణంలో కదులుతాయి. తర్వాత 1500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి బుస మళ్లీ వినండి. స్లోలో సమానంగా ఉండి ఇక్కడ తేడా వస్తే తప్పు స్క్రూలలో లేదు, క్లాంపులలో ఉంది.

మీ నిపుణుడు అసలు ప్రస్తావించని విషయం ఇంకొకటి ఉంది, ఇవాళ పాత బండ్ల వాళ్లందరికీ అదే పెద్ద సమస్య: పెట్రోల్. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసినదే (ఈ20) వస్తోంది. మామూలు పెట్రోల్ ఒక కిలో సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు, ఎందుకంటే ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది. కొత్త బండ్లలో కంప్యూటర్ ఉంది కాబట్టి చాలావరకు అదే సర్దుకుంటుంది, ఎస్‌యూకి మనమే సర్దాలి. పాత సెట్టింగ్‌లో ఉన్న ఎంజీబీ ఈ20 మీద పల్చగా నడుస్తుంది, వేడెక్కుతుంది, తేలిగ్గా స్టార్ట్ కాదు. నట్లు రెండూ సమానంగా ఒకటి రెండు పలకలు కిందికి దించితే స్లోలో సరిపోతుంది, పై స్పీడులోనూ పల్చగా ఉంటే కాస్త చిక్కటి మిక్చర్ ఇచ్చే సూదులు వెయ్యాలి, రెండింటికీ ఒకే నంబరువి. దానికన్నా ముందు పాత రబ్బరు పైపులు మార్చేయండి, ఇథనాల్ వాటిని మెత్తబరిచి పగలగొడుతుంది, కారే పెట్రోల్ ఎగ్జాస్ట్ పక్కనే పడుతుంది. బండి నెలల తరబడి నిలబెట్టేవాళ్లు ట్యాంకులో ఆ పెట్రోల్ ఉంచవద్దు, అది తేమ పీల్చుకుంటుంది. ట్యూనింగ్ కూడా మన ఎండల్లో మధ్యాహ్నం పెట్టుకోవద్దు, ఫ్లోట్ చాంబర్‌లో (కార్బురేటర్ పక్కన పెట్రోల్ నిలిచే గిన్నెలో) పెట్రోల్ మరిగి మీకు కనిపించే లక్షణాలన్నీ తారుమారవుతాయి. తెల్లవారుజామున చెయ్యండి.

ఇంకో మాట. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వీఏ సిరీస్ నంబరు తీసుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు అని అందులో రాసి ఉంది. వ్యాన్ కార్బురేటర్, దానికోసం వెల్డింగ్ చేసిన మానిఫోల్డ్ పెట్టుకుని రేపు అధికారి ముందు నిలబడి వాదించుకోవాల్సిన అవసరం ఆ పాఠకుడికి ఎందుకు?

మీ పత్రికను నమ్మి అడిగాడు కాబట్టి వచ్చే ఆదివారం ఆ జవాబును సవరించి వెయ్యమని కోరుతున్నాను. ఆయన ఈపాటికే కార్బురేటర్లు విప్పించి ఉంటే, అమ్మవద్దని, ఏ గంట పిస్టన్ ఆ గంటలోనే ఉంచి, సూదులు వంగకుండా ఒక్కోదాన్ని విడివిడిగా గుడ్డలో చుట్టి, ముందుది వెనకది అని చీటీ కట్టి, మానిఫోల్డ్, లింకేజీ కడ్డీలు, హీట్ షీల్డ్‌తో సహా ఒకే పెట్టెలో దాచిపెట్టమని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
సికింద్రాబాద్